ఎదగని ముక్కలు

ఆ తీరంలో ఆమెను సొంత పేరుతో పిలిచేవాళ్లు ఎవరూ లేరు. హాజరు పుస్తకంలో ఒక పేరు ఉంది గానీ అది అక్కడే ఉంటుంది. పడవ నడిపేవాడి దగ్గర్నుంచి పరిశోధన కేంద్రం డాక్టరమ్మ దాకా అందరికీ ఆమె స్కేలు పిన్నే. మెడలో తాడుకు ఎప్పుడూ ఒక పసుపుపచ్చ ప్లాస్టిక్ స్కేలు వేలాడుతుండేది. స్నానానికి వెళ్లేటప్పుడు కూడా తీయదని, పడవ ఇంజన్లు బాగుచేసే ఆమె మొగుడు పదిమందిలో చెప్పి నవ్వించేవాడు. "మా ఆవిడ నన్నూ ఆర్నెల్లకోసారి కొలుస్తుంది. ఎదుగూబొదుగూ లేదని ఏదో ఒకరోజు బుట్టలో పడేస్తుంది, చూస్తూ ఉండండి" అనేవాడు. ఆమె కూడా నవ్వేది. ఇప్పుడు ఆ బుట్ట మాటెత్తితే ఆ ఇంట్లో ఎవరికీ నవ్వు రాదు.

ఆ ఇంటికీ పక్కింటికీ మధ్య ఒకటే గోడ. పక్కింట్లో ఉండేది ఆమె సొంత అన్నయ్య, వదిన. అన్నయ్య దగ్గితే ఇటు వినిపించేంత పలచని గోడ అది. అయినా మూడేళ్లు అటు వదినా ఇటు పిన్నీ ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. ఆస్తి తగాదా అనుకుంటారేమో, పంచుకోవడానికి వాళ్లకేం ఏడ్చిందని! తగువంతా నూట అరవై రెండు పగడపు ముక్కల గురించి.

పిన్ని పని సముద్రం అడుగున. ఒడ్డు నుంచి పడవలో పది నిమిషాలు వెళ్తే, మూడు నిలువుల లోతులో ఇనుప చట్రాలు వరసగా పాతి ఉండేవి. అడ్డంగా నిలువుగా తాళ్లు అల్లి ఉంటాయి కాబట్టి పనివాళ్లు వాటిని మంచాలనేవారు. ఒక్కో మంచం మీద ఎనభై, తొంభై పగడపు ముక్కలు. బతికున్న దిబ్బ నుంచి వేలెడంత ముక్క విరుచుకొచ్చి, మంచానికి కట్టి, పళ్లు తోముకునే బ్రష్షుతో చుట్టూ పట్టిన పాకుడు గీకి, కొరుక్కుతినే నత్తలను ఏరి పారేసి, అరచేయంత అయ్యాక తీసుకెళ్లి చచ్చిపోయిన దిబ్బల మీద సిమెంటుతో అతికించాలి. వినడానికి నారు పోసి నాట్లు వేసినట్టే ఉంటుంది. వీపున గాలి సిలిండరు వేసుకుని రోజుకు నాలుగు గంటలు ఉప్పునీళ్లలో నానితే తెలుస్తుంది ఆ నాట్ల సంగతి. సాయంత్రానికి వేళ్లు ముడతలు పడి, చెవుల్లో హోరు పుట్టి, ఎవరేం అడిగినా "ఆఁ?" అనడమే మిగిలేది.

ఈ పనిలోకి ముందు వచ్చింది వదిన. పిన్నికి మునగడం నేర్పింది కూడా ఆమే. మొదటి రోజు పిన్ని బెదిరిపోయి మాస్కు పీకేసుకుని పైకి తన్నుకుపోతుంటే, కాలు పట్టుకుని ఆపి, మాస్కు మళ్లీ పెట్టి, ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుని తన ఊపిరితో పాటు ఊపిరి తీయించింది. అయితే వదినకు రాత రాదు. పిన్ని పదో తరగతి దాకా చదివింది. నీళ్లలో కొలతలు రాయడానికి ఒక ప్లాస్టిక్ పలక, పెన్సిలు ఉండేవి. పలక ఎవరి చేతిలో ఉంటే వాళ్లదే పెద్దరికం. రెండేళ్లు తిరక్కుండా పిన్ని ఆరుగురి మీద పెద్దయింది. ఆ ఆరుగురిలో వదిన ఒకతి.

పనిలో చేరిన కొత్తలో డాక్టరమ్మ అందరినీ షెడ్డులో బెంచీల మీద కూర్చోబెట్టి పాఠం చెప్పింది.

"పగడం రాయి కాదమ్మా, ప్రాణి. దీని ఒంట్లో కంటికి ఆనని నాచు అద్దెకుంటుంది. వెలుతురు తగిలితే ఆ నాచు వంట చేస్తుంది. తను తినగా మిగిలింది ఇంటివాళ్లకు పెడుతుంది. పగడానికి తిండీ అదే, రంగూ అదే. నీళ్లు మరీ వేడెక్కాయనుకోండి, ఆ అద్దెవాళ్లకు పిచ్చెత్తుతుంది. కూడు వండాల్సిన చోట విషం వండుతారు. ఇక చేసేది లేక పగడం వాళ్లను బయటికి గెంటేస్తుంది. అప్పుడే అది తెల్లగా పాలిపోయేది. నీళ్లు తొందరగా చల్లబడి మళ్లీ ఎవరైనా వచ్చి చేరితే బతుకుతుంది. లేదంటే ఆకలితో పోతుంది."

"వంట చేసి పెట్టే అద్దెవాళ్లు! అలాంటివాళ్లు మాకెక్కడైనా దొరుకుతారా డాక్టరమ్మా?" అంది వదిన. షెడ్డంతా గొల్లుమంది.

డాక్టరమ్మ కూడా నవ్వి, పోతూ పోతూ ఇంకో మాట చెప్పింది. నాచుల్లో రకాలున్నాయనీ, వంట సరిగ్గా చేయకపోయినా వేడికి ఓర్చుకునే రకం ఒకటి ఉంటుందనీ, కొన్ని పగడాలు పాతవాళ్లను పంపించి ఆ రకం వాళ్లను పెట్టుకుని నెట్టుకొస్తాయనీ, మన దగ్గర అలాంటివి ఉన్నాయో లేదో ఇంకా ఎవరూ చూడలేదనీ. పిన్ని కొలతలకు సంబంధించినవన్నీ పుస్తకంలో రాసుకుంది. ఈ మాటలో కొలత ఏమీ లేదు కాబట్టి రాసుకోలేదు. రాత రాని వదిన దాన్ని మనసులో పెట్టుకుంది.

ఇక రూలు. అది సూపర్వైజరు తెచ్చిన రూలు, ఆయనకు ఇంకెవరో పైవాళ్లు ఇచ్చింది. ఆరు నెలల్లో బొటనవేలి వెడల్పు పెరగని ముక్కను తీసేయాలి, దాని చోట కొత్తది కట్టాలి. వేగంగా ఎదిగేవి ఎక్కువైతే దిబ్బలు వేగంగా నిండుతాయి. వినడానికి ఎంత బాగుందో! ఎదిగే ముక్కలు చూడటానికి కూడా కన్నులపండువగా ఉండేవి, నీలమూ గులాబీరంగూ కొసలతో. ఎదగనివి మట్టిరంగులో, ఈసురోమంటూ పడి ఉండేవి. పిన్ని స్కేలు పెట్టి చూసేది, తల అడ్డంగా ఊపేది, ముక్కను విరిచి బుట్టలో వేసేది. వారానికి ఒక బుట్ట నిండేది. తోట సగటు ఎదుగుదలను షెడ్డు గోడ మీద గీతగా గీసేవారు. పిన్ని పెద్దయినప్పటి నుంచి ఆ గీత పైకే పోయింది. దాన్ని చూసినప్పుడల్లా ఆమెకు కడుపు నిండినట్టు ఉండేది.

వదినకు మాత్రం ఆ బుట్ట చూస్తే ఒళ్లు మండేది. ఒకరోజు పడవలో బుట్ట లోంచి ఒక ముక్క తీసి పిన్ని ముఖం ముందు పెట్టింది.

"చూడు, ఇది చావలేదే."

"ఎదగలేదు కదా వదినా."

"ఎదగకపోతే చంపేస్తామా? పొట్టివాళ్లంతా పోవాలంటే ముందు మన సూపర్వైజరును వేయాలి ఇందులో."

పడవవాడు పకపకా నవ్వాడు. పిన్నికి నవ్వు వచ్చినా ఆపుకుంది, పెద్ద కదా. "చెప్పిన పని చేద్దాం, మనకెందుకు" అని బుట్టను సముద్రంలో ఒంపేసింది.

వదిన చెప్పిన పని చేసే రకం కాదు. కొన్నాళ్లకు పిన్ని ఒడ్డువైపు ఈదుకుంటూ వస్తుంటే, నడుము లోతు నీళ్లలో, పాత రేవు గోడ పక్కన, రెండు మంచాలు కనిపించాయి. తుప్పు పట్టిందని పక్కన పడేసిన చట్రాలవి. వాటి నిండా మట్టిరంగు ముక్కలు. తను బుట్టలో వేసినవే! బుట్ట ఒంపకముందే వదిన ఏరి, మధ్యాహ్నాలు అందరూ అన్నం తింటున్నప్పుడు తెచ్చి కట్టుకుంది. మిట్టమధ్యాహ్నం అక్కడి నీళ్లు స్నానానికి కాచినట్టు ఉంటాయి. అంత వేడిలో ఆ ముక్కలు నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాయి.

"ఏంటిది?" అంది పిన్ని.

"పోయిన ఎండల్లో పెద్ద తోటలో మూడో వరస పాలిపోయింది, గుర్తుందా? అప్పుడు ఇవి ఇక్కడే ఉన్నాయి, ఇంతకంటే వేడి నీళ్లలో. ఒక్కటంటే ఒక్కటి రంగు మారలేదు. ఎందుకంటావ్?"

"ఏమో. పొట్టివి కదా, ఎండ తగిలి ఉండదు."

ఇంత తెలివితక్కువ మాట తన నోట్లోంచి వచ్చిందని పిన్నికి అప్పుడే తెలుసు. వదిన ఆమెను ఎగాదిగా చూసి, "వీటిలో ఉన్నది డాక్టరమ్మ చెప్పిన ఆ వేడికి ఓర్చే నాచేనేమో. పన్నెండు ముక్కలు సీసాలో వేసి ఆవిడకిచ్చాను. పరీక్ష చేయిస్తానంది. అప్పటిదాకా నువ్వు చూడనట్టు ఉండు, చాలు" అంది.

చూడనట్టు ఉంటే పోయేది. కానీ పిన్నికి లోపల ఏదో రగిలింది. తనకు చెప్పకుండా, తన తోటలో, తను తీసేసినవాటిని! పైగా మరో పది రోజుల్లో తోటను చూడటానికి పైనుంచి పెద్దలు వస్తున్నారు. ఆ రెండు మంచాలు బయటపడితే వాటినీ కొలతల్లో కలపాలి, కలిపితే గోడమీది గీత కిందికి దిగుతుంది. ఆ రాత్రే కాగితం తీసి ఆ మంచాల గురించి పదకొండు పంక్తులు రాసి, పొద్దున్నే సూపర్వైజరు బల్ల మీద పెట్టింది. అందులో ఒక్క అబద్ధం కూడా లేదు. నీళ్ల వేడి గురించి, ఆ ముక్కలు పాలిపోకపోవడం గురించి ఒక్క ముక్క కూడా లేదు.

సూపర్వైజరు వదినను పిలిచి, రేపు మధ్యాహ్నానికల్లా రెండు మంచాలూ ఖాళీ చేయమన్నాడు. ఆ తర్వాత రెండు నెలలు పనిలోకి రానక్కర్లేదన్నాడు. డాక్టరమ్మ అప్పటికే పై చదువులకని వేరే దేశం విమానం ఎక్కేసింది. వదిన ఇచ్చిన సీసా ప్రయోగశాల ఫ్రీజరులో ఎవరిదో పెరుగు డబ్బా వెనక గడ్డకట్టింది.

ఆ సాయంత్రం వదిన ఇటువైపు వచ్చింది. గడప దాటకుండా నిలబడింది.

"ఒక్క మాట చెప్పు ఆయనకు. పదిహేను రోజులు ఆగమను, ఈలోగా సీసా సంగతి కనుక్కుంటాను. నీ మాట వింటాడు."

"రూలు రూలే వదినా. నేనేం చేయను?"

"నువ్వేం చేయలేవా?"

పిన్ని మెడలో స్కేలు తాడు సరిచేసుకుంది. వదిన ఒక నిమిషం చూసి వెళ్లిపోయింది. మర్నాడు పొద్దుటి నుంచీ పిన్ని రాబోయే పెద్దలకు చూపించడానికి ముందు వరస మంచాలు తోముతూ కూర్చుంది. పాత రేవు వైపు వెళ్లనే లేదు. సాయంత్రం సూపర్వైజరు "ఖాళీ అయ్యాయి" అన్నాడు, ఆమె తలూపింది. పెద్దలు వచ్చారు, గీత చూశారు, తోటకు ఒక ప్రశంసాపత్రం ఇచ్చి ఫొటో దిగారు. రెండు నెలలు గడిచాయి. వదినను ఎవరూ పిలవలేదు. పిలవమని పిన్ని అడగనూ లేదు. అన్నయ్య ఒకటి రెండుసార్లు ఆ ప్రస్తావన తెస్తే, "సమయం చూసి అడుగుతాను" అంది. ఆ సమయం మూడేళ్లు రాలేదు. పని చేతకాక తీసేశారని తీరమంతా చెప్పుకున్నారు. వదిన ఎవరికీ సంజాయిషీ ఇవ్వలేదు.

మూడో ఏడు ఎండలు ముందే వచ్చాయి. తోటలో నీళ్ల వేడి చూసే డబ్బా ముప్పై ఒక్క డిగ్రీలు చూపించింది, తర్వాత ముప్పై రెండు, ఆ పైన దిగనంది. గాలి లేదు, అల లేదు. మొదట తోట ఎన్నడూ లేనంత అందంగా అయ్యింది. కొసలు మెరిసే ఊదారంగుకు, చిలకపచ్చకు తిరిగాయి. చూడటానికి పడవలు కట్టుకుని జనం వచ్చారు. అది చావుకు ముందు వచ్చే రంగని తెలిసిన పిన్ని ఆ కెమెరాల వైపు చూడకుండా నీళ్లలోకి దిగేది. వారం తిరిగేసరికి మంచాలన్నీ తెల్లబడ్డాయి. ఈ చివర నుంచి ఆ చివర దాకా, తొమ్మిదేళ్లు ఏరి కూర్చి పెంచిన నిగనిగలాడే ముక్కలన్నీ. మరో మూడు వారాలకు ఆ తెలుపు మీద పాకుడు పట్టింది.

పిన్ని రోజూ దిగేది. అలవాటు చొప్పున స్కేలు తీసి, చచ్చిన ముక్కలను కూడా కొలిచేది. పలక మీద అంకె వేసేది. పడవవాడు చూడలేక, "పిన్నీ, ఇంకెందుకు?" అన్నాడు. "నీ పని నువ్వు చూసుకో" అని కసిరింది. మాస్కు లోపల ఏడిస్తే తుడుచుకోవడానికి ఉండదు. అద్దం మసకబారి, అంకెలు సరిగ్గా కనిపించేవి కావు.

డాక్టరమ్మ అప్పటికి తిరిగి వచ్చి ఏడాది దాటింది. తోట పోయాక ఆమెకు కాళ్లూ చేతులూ ఆడలేదు. ప్రయోగశాలలో దొరికిన పాత సీసాలన్నీ తీయించి పరీక్షకు పంపింది. ఆ ఫలితాలు వచ్చిన రోజు పిన్నిని తన గదికి పిలిచింది. బల్ల మీద ఒక కాగితం, పక్కనే ఒక సీసా. సీసా మీద చీటీ చిరిగిపోయి ఉంది, అయినా అది ఎవరి సీసానో పిన్నికి చూడగానే తెలిసింది. మూతికి కట్టిన గుడ్డ వదిన చీర అంచు.

"ఇందులో పన్నెండు ముక్కలున్నాయి" అంది డాక్టరమ్మ. "పన్నెండింటిలోనూ ఓర్చుకునే నాచే. పాత రకం మచ్చుకైనా లేదు. ఇవి వేడి చూసి, అద్దెవాళ్లను మార్చేసుకున్నాయమ్మా. తిండి తక్కువైనా సరే అనుకుని. అందుకే ఎదగలేదు."

పిన్ని ఆ చీర అంచును వేలితో తాకింది.

"ఎదిగేవాటినే ఉంచుకుంటూ పోయాం. అంటే బాగా వండిపెట్టే నాచున్నవాటినే. వేడికి ముందు పోయేవీ అవే. ఓర్చుకునేవి మన తోటలో లేకుండా మన చేతులతో మనమే ఏరి పారేశాం." డాక్టరమ్మ కళ్లజోడు తీసి కళ్లు నలుపుకుంది. "మీ వదిన కదా ఇచ్చింది? అప్పుడు రెండు మంచాలు కట్టానంది. అవేమయ్యాయి? అందులో సగం బతికున్నా విత్తనానికి చాలు. మళ్లీ మొదలుపెట్టొచ్చు."

"కనుక్కుంటాను" అంది పిన్ని. మూడేళ్లలో మొదటిసారి ఆమెకు వదిన మొండితనం మీద ప్రేమ పుట్టుకొచ్చింది. వదిన ఎవరి మాట విన్నది కనుక? ఖాళీ చేయమంటే చేసేసే మనిషేనా? ఎక్కడో దాచే ఉంటుంది. రేవు గోడకు అవతల రాళ్ల సందులో, మరో గుంటలో, ఎక్కడో ఒకచోట. తను చూడలేదు కదా. చూడకపోవడమే మంచిదైందని కూడా అనుకుంది. దారి పొడుగునా అలాగే అనుకుంటూ పోయింది.

వదిన ఇప్పుడు రొయ్యల షెడ్డులో పనిచేస్తుంది. పొడుగాటి రేకు బల్ల, రెండువైపులా ఆడవాళ్లు, కింద ఐసు నీళ్లు పారుతుంటాయి. పెద్దవి ఒక తొట్టిలో, మధ్యరకం ఇంకో తొట్టిలో, మరీ చిన్నవి నేలమీది బుట్టలో. పిన్ని గుమ్మంలో నిలబడేసరికి వదిన తలెత్తి చూసి మళ్లీ దించుకుంది. చేతులు ఆగలేదు.

"మీ అన్నయ్యకేమైనా అయ్యిందా?"

"లేదు వదినా. నీతోనే పని."

"చెప్పు. వింటూనే ఏరుతాను. ఇక్కడ కూడా అదే పని, చూశావుగా, చిన్నవి పక్కన పడేయడం."

పిన్ని గబగబా చెప్పింది. తోట పోయిన సంగతి వదినకు తెలుసు. సీసా సంగతి, పన్నెండింటిలోనూ అదే నాచు ఉన్న సంగతి చెప్పేసరికి వదిన చేతులు మొదటిసారి ఆగాయి. పక్కన ఏరుతున్న ఆవిడ వింటోందని కూడా పట్టించుకోలేదు.

"నేను చెప్పాను కదే" అంది మెల్లగా. "నేను చెప్పానా లేదా?"

"చెప్పావు వదినా. నాదే తప్పు. కాళ్లు పట్టుకోమన్నా పట్టుకుంటాను. ఎక్కడ దాచావో చెప్పు, ఇప్పుడే పడవ తెస్తాను."

వదిన చేతిలోని రొయ్యను బల్ల మీద పెట్టింది.

"దాచి ఉంటాననుకుంటున్నావా?"

"నువ్వు దాచకుండా ఉంటావా?"

"దాచాలనే అనుకున్నాను. మీ అన్నయ్య ఆ రాత్రంతా నా బుర్ర తినేశాడు. 'ఒక్కసారి చెప్పినట్టు చెయ్యి, రెండు నెలలయ్యాక మళ్లీ తీసుకుంటారు, చెల్లెలు మాట వేస్తుంది' అన్నాడు. నేనూ నమ్మాను. సరే, ఈసారికి మాట వినే మనిషిలా ఉందాం అనుకున్నాను. ఒక్కటి కూడా మిగల్చకుండా విప్పాను. ఒక్కటి మిగిలినా నువ్వు కనిపెడతావని, తాళ్ల సందుల్లో వేళ్లు పెట్టి వెతికాను. నూట అరవై రెండు. అన్నీ తెచ్చి రేవు గట్టు మీద ఎండలో పోశాను. నువ్వు వచ్చి చూసుకుంటావని పక్కనే కూర్చున్నాను, మధ్యాహ్నం దాటేదాకా. అవి ఆరుతుంటే ఒక వాసన వస్తుంది, నీకు తెలుసుగా. నువ్వు రాలేదు."

పిన్ని తడి నేలమీదే కూలబడింది. ఐసు నీళ్లు చీరకు అంటుకున్నా లేవలేదు. వదిన ఆమెను లేవదీయలేదు, తిట్టనూ లేదు. తిట్టినా బాగుండేది.

"ఒక పని చేస్తావా?" అంది కాసేపటికి. "పోయినవెలాగూ పోయాయి. నాకు మళ్లీ ఆ పని కూడా అక్కర్లేదు, నా చెవులు పాడైపోయాయి. కానీ నేను చేతకానిదాన్నని అందరూ అనుకుంటున్నారు. మీ అన్నయ్య కూడా లోపల అదే అనుకుంటాడు. నేను వాటిని ఎందుకు కట్టానో, ఎవరు తీయించారో, ఉన్నది ఉన్నట్టు డాక్టరమ్మ చేత రాయించు. నాకు చదవడం రాదు, ఆయన చేత చదివించుకుంటాను."

"రాయిస్తాను వదినా. నీ మీద ఒట్టు." పిన్ని ఆమె చేయి పట్టుకుంది. రొయ్యల జిగురుతో ఆ చేయి మంచుగడ్డలా ఉంది. వదిన చేయి విడిపించుకుని మళ్లీ ఏరడం మొదలుపెట్టింది.

మర్నాడు పొద్దున్నే పిన్ని డాక్టరమ్మ గదికి వెళ్లింది. ఏం చెప్పాలో రాత్రంతా నెమరు వేసుకుంది. కాగితం నేనే రాశాను, తీయించింది నేనే, ఆమె వద్దంది, నేను వినలేదు. నాలుగే మాటలు. గదిలో సూపర్వైజరు కూడా ఉన్నాడు, కిటికీ పక్కన కుర్చీలో. వచ్చే నెల నుంచి చిన్న తోట ఒకటి మళ్లీ వేస్తారట, ముగ్గురే ఉంటారట, వాళ్ల మీద ఒక పెద్ద. పేర్లు ఇంకా పెట్టలేదని ఆయనే చెప్పాడు, పిన్ని వైపు చూడకుండా.

"దొరికాయా?" అంది డాక్టరమ్మ.

"దొరకలేదండి. ఒక్కటి కూడా లేదు."

డాక్టరమ్మ ముఖం వాడిపోయింది. కాసేపు పెన్ను తిప్పుతూ కూర్చుంది. "పైకి నివేదిక పంపాలి. ఎలా పోయాయో రాయాలి కదా. ఎవరు తీసేశారు?"

పిన్ని నోరు తెరిచింది. నాలుగు మాటలూ నాలుక మీదే ఉన్నాయి. సూపర్వైజరు కిటికీ లోంచి ఖాళీ పడవలను చూస్తున్నాడు. ఆయన ఏమీ అనడు, అంటే ఆయన పేరూ బయటికొస్తుంది. తొమ్మిదేళ్ల స్కేలు, పెద్దరికం, అందరి పలకరింపులు, అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి.

"మా వదినే" అంది. "ఆమె చేతులతో ఆమే విప్పి ఎండలో పోసిందట."

ఇందులోనూ అబద్ధం ఏమీ లేదు.

"అయ్యో!" అంది డాక్టరమ్మ. "అంత బాగా గమనించిన మనిషి ఇలా ఎందుకు చేసిందో. పాపం, చదువు లేదు కదా, వాటి విలువ తెలిసి ఉండదు." అంటూనే రాసుకుపోయింది. పిన్నికి తలకిందులుగా కనిపిస్తున్నా ఆ వాక్యం చదవడం వచ్చు. అవగాహన లేని కార్మికురాలు తొలగించడం వల్ల, అని ఉంది. వద్దని అనడానికి ఆమెకు చాలినంత సమయం ఉంది. డాక్టరమ్మ నెమ్మదిగా రాస్తుంది, మధ్యలో ఆగి ఆలోచిస్తుంది, ఒకసారి సిరా అయిపోయి పెన్ను కూడా మార్చింది.

కాగితం ఇటు తిప్పి, సాక్షి సంతకం ఎక్కడ పెట్టాలో వేలితో చూపించింది. పిన్ని పెట్టింది.